చూడి బర్రెకు తెల్లన్నం

ఇడపనూరు,
9-11-1992, సోమవారం

తమ్ముడు గురుప్రసాద్‌కు,

ఆశీస్సులు తర్వాత, ముందు విషయం విను. బర్రె చచ్చిపోయింది. గురువారం, పొద్దు పొడిచే వేళకు. ఎనిమిదో నెల చూడి అని నీకు తెలుసు కదా, కడుపులో దూడతో సహా పోయింది. మీ బావ నలుగురిని పిలుచుకొచ్చి చేను గట్టున గుంత తవ్వించి పూడ్చాడు. ఆయన పైకి ఏడ్చే మనిషి కాదు. ఇంటికొచ్చి ఖాళీ కొట్టంలో కూర్చుని, బర్రెను కట్టిన తలుగు చేతిలో తిప్పుకుంటూ ఉండిపోయాడు. నాకు కూడా ఏడుపు రావడం లేదు. ఒళ్ళు మండిపోతోంది.

ఎందుకంటే అది దానంతట అది చావలేదు. చంపారు. చంపింది మా వెనక వీధి మారెవ్వ. నీకు గుర్తుండే ఉంటుంది, తెల్ల జుట్టు ముసలమ్మ, ఊళ్ళో పశువులకు నాటుమందు పోస్తుంటుంది.

నువ్వు సోమవారం వచ్చి పోయావా, మంగళవారం పొద్దున బర్రె చొప్ప ముట్టలేదు. నెమరు లేదు. పళ్ళు కొరుకుతూ, కళ్ళు లోతుకు పోయి నిలబడింది. బుధవారం పొద్దున పశువుల దవాఖాన కాంపౌండరు ఉలిగప్పను మీ బావ తీసుకొచ్చాడు. ఆయన కనురెప్ప తిప్పి చూశాడు, పేడ చూశాడు. “కుంట గట్టు గడ్డి మేపుతరు గదమ్మా, కడుపుల జలగలు పడ్డయేమో. జలగల మందు ఇస్త” అని ఒక సీసాడు పోసి పోయాడు. ఆయన పని ఆయన చేశాడు, ఆయన్ని ఏమీ అనను. మధ్యాహ్నానికి కూడా తేరుకోకపోతే ఇరుగుపొరుగువాళ్ళు మారెవ్వను పిలిచారు. ఆమె వచ్చి ఎడమ డొక్కను పిడికిలితో నొక్కింది, నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది, అక్కడికి పెద్ద డాక్టరమ్మలాగా. తర్వాత ఇంటికి పోయి అల్లం, వాము, బెల్లం వేసి కాచిన కషాయం తెచ్చి వెదురు గొట్టంతో గొంతులో పోసింది. మనిషికి అజీర్తి అయినా బర్రెకు రోగమొచ్చినా ఆమెకు తెలిసింది ఆ కషాయమే, పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. సాయంత్రానికి బర్రె కూలబడింది. తెల్లారేసరికి లేదు.

కాంపౌండరు మందు పోసినప్పుడు నిలబడే ఉంది. మారెవ్వ మందు పోశాక పడిపోయింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? వచ్చేవారం శుక్రవారం రచ్చకట్ట మీద పెద్దమనుషులను కూర్చోబెడుతున్నాను. ఆ ముసలిది ఇంకెవరి పశువునూ ముట్టుకోకుండా చేయకపోతే నా పేరు నీలమ్మ కాదు.

ఒక్కటే నాకు తృప్తి. చచ్చేముందు ఒక్కపూటైనా అది కడుపునిండా తెల్లన్నం తిన్నది. అది నీ చేతి చలవ.

కీర్తికీ పిల్లలకూ ఆశీస్సులు.

నీ అక్క
నీలమ్మ


శక్తినగర్,
16-11-1992

అక్కకూ బావకూ నమస్కారాలు.

నీ ఉత్తరం చదివాక కీర్తి కూడా చాలా బాధపడింది. ఇంటి మనిషి పోయినట్టే ఉందక్కా. రెండు నెలల్లో ఈని పాలిస్తుందని ఎంత ఆశపడ్డావో నాకు తెలుసు.

అయితే ఒక మాట, కోప్పడకుండా విను. పెద్దమనుషుల దాకా ఎందుకు? మారెవ్వ ముసలిది. ఇన్నేళ్ళుగా ఊళ్ళో ఎన్ని పశువులకు మందు పోసిందో, అన్నీ చావలేదు కదా. పశువన్నాక రోగం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికి తెలుసు? పోయిన బర్రె ఎలాగూ తిరిగి రాదు. ఉన్న ఊళ్ళో ఒకరితో పగ పెట్టుకోవడం మంచిది కాదు. ఈ ఉత్తరం శుక్రవారం దాటాక అందుతుందేమో, అప్పటికి ఇంకా తేల్చకుండా ఉంటే వదిలెయ్యి.

ఇక్కడ డ్యూటీలో ఊపిరాడటం లేదు. జనవరిలో మా కరెంటు కేంద్రం క్యాంటీనులో ఎనిమిది మందిని పర్మనెంటు చేస్తారంటున్నారు. ఆరేళ్ళుగా టెంపరరీగా గరిటె తిప్పుతున్నాను, ఈసారైనా నా పేరు ఉంటుందని ఆశ. మా పక్క క్వార్టరు కోటయ్యగారి ఆవుకు ఆ మధ్య బాగా లేకపోయింది, ఇప్పుడు లేచి తిరుగుతోంది.

మరిచాను. నేను తెచ్చిన సంచిలో అన్నమంతా ఒక్కసారే పెట్టావా, కొంచెం కొంచెంగా పెట్టావా?

నీ తమ్ముడు
గురుప్రసాద్


ఇడపనూరు,
24-11-1992

గురుప్రసాద్‌కు,

నీ ఉత్తరం చదివాక నువ్వు నా తమ్ముడివా, మారెవ్వ తమ్ముడివా అని అనుమానం వచ్చింది. బర్రె పోయింది నాది. నీతులు చెప్పేది నువ్వు. కూర్చున్నవాడికేం తెలుసు నిలబడ్డవాడి కాళ్ళ నొప్పి!

పంచాయితీ శుక్రవారమే అయిపోయింది. ఊరి పెద్దమనిషి జంబన్న, మరో ఆరుగురు కూర్చున్నారు. నేను జరిగిందంతా చెప్పాను. జంబన్న మారెవ్వను పిలిచి అడిగాడు, “ఏం మారెవ్వా, నువ్వు పోసిన మందుతోనే బర్రె పోయిందంటుంది ఈమె. ఏమంటవ్?”

ఆమె తల దించుకుంది. “నేను పోసిన మందు మంచిదేనయ్యా. ఆ రోగానికి అదో కాదో నాకెరికలే. రోగమే నాకు అందలే,” అన్నది.

“రోగం అందకుంటే మందెట్ల పోసినవ్?” అని నేను అరిచాను.

ఆమె తల ఎత్తి నా వైపు చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. జంబన్న తీర్పు చెప్పాడు, “ఇంక మీద నువ్వు ఎవరి కొట్టంల అడుగు పెట్టొద్దు. ఎవరన్న పిలిచినా పోవద్దు.” ఆమె సరే అని చీర కొంగు కప్పుకుని పోయింది. నాకు ఆ రోజు ఆకలేసింది, నిజం చెప్తున్నాను. బర్రె పోయినప్పటి నుంచి అదే మొదటిసారి ముద్ద దిగింది.

అన్నం ఎలా పెట్టానని అడిగావు. అంతా ఒక్కపూటే పెట్టాను. మనింట్లో మన పిల్లకు శ్రీమంతం చేసినట్టే చేశాను. అమ్మకు నువ్వు కడుపులో ఉన్నప్పుడు మేనమామ రాయచూరు నుంచి రెండు శేర్ల బియ్యం తెచ్చాడని ఆమె చచ్చేదాకా చెప్పుకున్నది. జొన్నరొట్టె తిని పెరిగిన ఇంట్లో చూడిమనిషికి తెల్లన్నం పెట్టడం కంటే పెద్ద మర్యాద ఏముంది? నీ సంచి విప్పి గంప నిండా పోసి, పక్కన కూర్చుని తినిపించాను. గంప అడుగు నాకి మరీ తిన్నది. ఎందుకు అడిగావు? సంచి తిరిగి కావాలా?

నీలమ్మ


శక్తినగర్,
2-12-1992

అక్కా,

ఈ ఉత్తరం బావకు చదివి వినిపించకు. నువ్వొక్కదానివే చదువు.

బర్రెను మారెవ్వ చంపలేదు. అన్నం చంపింది. నేను తెచ్చిన అన్నం.

రాష్ట్ర అవతరణ రోజు రాజ్యోత్సవం విందుకు నవంబరు ఒకటో తేదీన మా క్యాంటీనులో ఎనిమిది వందల మందికి వండాం. సగం మంది కూడా రాలేదు. గుండిగలకు గుండిగలు మిగిలిపోతే, తీసుకెళ్ళి బయట గుంతలో పారబొయ్యమన్నారు. పండుగకు తప్ప అన్నం ముఖం చూడని ఇంట్లో పుట్టినవాణ్ణి, నా చేత్తో నేను ఎలా పారబోస్తాను? అందుకే గోనెసంచికి ఎత్తి నీకు తెచ్చాను. క్యాంటీను సరుకు బయటికి పోయిందని తెలిస్తే పని పోతుందని, ఎవరికీ చెప్పొద్దని నీతో అన్నాను. మరో రెండు గంపలు కోటయ్యగారు తన ఆవుకు తీసుకెళ్ళాడు.

సోమవారం నేను నీ దగ్గర ఉన్నప్పుడే ఆ ఆవు పడింది. మంగళవారం పొద్దున రాయచూరు నుంచి హేమశ్రీ అని పశువుల డాక్టరమ్మ వచ్చింది. కోటయ్యగారు ఆమెతో వాదన, “అన్నం తింటే ఎక్కడైనా చస్తుందా డాక్టరుగారూ? మేం తినడం లేదేంటండీ!” అని. ఆమె కసిరింది. “మీ కడుపు వేరు, దాని కడుపు వేరు. అది గడ్డి నానబెట్టుకునే తొట్టి. గడ్డికి అలవాటైన కడుపులో గంపెడు అన్నం పోస్తే ఒక్క రాత్రికి పులిసిపోతుంది. ఆ పులుపు ఒళ్ళంతా ఎక్కుతుంది. మంచినీళ్ళలో తినేసోడా కలిపి పోయాలి. బెల్లం మాత్రం ముట్టించకండి, పులుపు ఇంకా ఎక్కువవుతుంది,” అన్నది. సోడా నీళ్ళు పోసి, సూది మందు ఎక్కించింది. ఆ ఆవు బతికింది.

నేను అక్కడే నిలబడి విన్నాను. మంగళవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు. అంటే మన బర్రె చావడానికి రెండు రోజుల ముందు.

నాలుగు గంటల బస్సుకు బస్టాండు దాకా వచ్చానక్కా. లీవు అడిగితే ఎందుకని అడుగుతారు. కోటయ్యగారి ఆవు సంగతి అప్పటికే సూపర్‌వైజరు చెవిన పడింది, అన్నం ఎవరెవరు ఎత్తుకెళ్ళారని ఆరా తీస్తున్నాడు. మన బర్రె గట్టిదిలే, జొన్నచొప్ప తిన్న ఒళ్ళు, ఏమీ కాదని నాకు నేనే చెప్పుకున్నాను. బస్సు వెళ్ళిపోయింది. నేను వెనక్కి వచ్చేశాను.

మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. రాయలేకపోయాను. నన్ను తిట్టు.

గురుప్రసాద్


ఇడపనూరు,
20-12-1992

గురుప్రసాద్,

తిట్టమన్నావు. ఏ తిట్టు తిట్టాలో వెతుక్కుంటూ రెండు వారాలు గడిచాయి. ఒక్కటీ చాలలేదు.

పన్నెండు గంటలకు తెలిసింది నీకు. నాలుగు గంటలకు బస్టాండులో ఉన్నావు. ఎక్కి ఉంటే రాత్రి భోజనం వేళకు నా వాకిట్లో ఉండేవాడివి. “అక్కా, సోడా పొయ్యి, బెల్లం పొయ్యకు” — ఈ నాలుగు మాటల కోసం బస్సెక్కడానికి నీకు కాలు రాలేదు. పైగా “మారెవ్వ ముసలిది, వదిలెయ్యి” అని నాకు సుద్దులు రాశావు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, “అన్నం ఒక్కసారే పెట్టావా” అని అడిగావు! నేనేమో సంచి కావాలా అని నీతో పరాచికాలాడాను. ఆ ఉత్తరం చించి పారెయ్యి. నాకు సిగ్గుగా ఉంది.

కానీ నీకు తెలియని సగం నా దగ్గర ఉంది. అది రాస్తే నిన్ను తిట్టే నోరు నాకుండదు. అందుకే ఇన్ని రోజులు పట్టింది.

మారెవ్వ అడిగింది. బుధవారం కొట్టంలో, అందరి ముందూ. బర్రె నోరు వాసన చూసి నన్ను అడిగింది.

“నీలవ్వా, అన్నం గిన్నం ఏమన్న తిన్నదా?”

“లేదు. జొన్నచొప్ప, అంతే.”

“నూకలు? సంకటి? నోట్ల పుల్లటి వాసనొస్తుంది. డొక్క నొక్కితే నీళ్ళ కుండ ఊగినట్టు ఊగుతుంది.”

“మా ఇంట్ల మాకే అన్నం లేదు, బర్రెకెక్కడిది!” అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

ఆమె మందు కాచి తెచ్చాక, గొట్టంలో పోసేముందు నన్ను గోడ చాటుకు పిలిచింది. మెల్లగా అన్నది, “అవ్వా, నేను ఎవ్వరికీ చెప్ప. అన్నం తిన్నదంటే మందు వేరే ఉంటది, ఇది పనికి రాదు. తిన్నదా?”

“ఎన్నిసార్లు అడుగుతవ్ ముసలిదానా, లేదంటుంటే!” అని కసురుకున్నాను.

అప్పుడు పోసింది బెల్లం. నా మాట నమ్మి పోసింది. పొద్దున ఉలిగప్ప అడిగినా అదే అబద్ధం చెప్పాను, అందుకే పాపం అతను జలగల మందు పోసి పోయాడు. నీ పని పోతుందని ఇద్దరికీ అబద్ధం చెప్పాను. అన్నం వల్ల రోగమొస్తుందని నాకు కలలో కూడా తోచలేదు. మర్యాద చేశాననుకుంటున్నాను గదా! తర్వాత కట్ట మీద నిలబడి, “రోగం అందకుంటే మందెట్ల పోసినవ్” అని ఆమె మీద అరిచింది కూడా ఈ నోరే. రోగాన్ని ఆమెకు అందకుండా దాచింది నేను.

ఇప్పుడు వీధిలో ఆమె ఎదురుపడితే నేను సందు మారుతున్నాను. పంచాయితీ అయినప్పటి నుంచి ఎవరూ ఆమెను పిలవడం లేదు. పశువును చూస్తే ఇంటికో సోలెడు జొన్నలు పెట్టేవాళ్ళు, అదే ఆమె తిండి. ఇప్పుడు కూలికి పత్తి ఏరడానికి పోతోంది, ఆ వయసులో.

నేను కట్ట మీదకు పోయి నిజం చెప్పేస్తాను.

నీలమ్మ


శక్తినగర్,
29-12-1992

అక్కా,

చెప్పకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

మీ ఊరివాళ్ళు ముగ్గురు ఇక్కడే బూడిద లారీల మీద పనిచేస్తున్నారు. నువ్వు కట్ట మీద పొద్దున చెప్తే సాయంత్రానికి మా సూపర్‌వైజరు బల్ల మీద ఉంటుంది. జాబితాలో నా పేరు ఏడోది. ఎనిమిదో పేరు తర్వాత నలభై మంది క్యూలో ఉన్నారు, నాలో ఎక్కడ తప్పు దొరుకుతుందా అని. ఈ క్వార్టరు పోతుంది, పిల్లల బడి పోతుంది. ఒక్క నెల ఆగు. ఆర్డరు చేతికి వచ్చాక నేనే వచ్చి చెప్తాను.

ఇంకో మాట కూడా చెప్తాను, నాకూ కోపం ఉంది. తప్పంతా నా నెత్తిన రుద్దినట్టు రాశావు. నోరు మూసుకో అన్నాను, నిజమే. బర్రె చస్తున్నా మూసుకో అన్నానా? ముసలమ్మ చాటుకు పిలిచి, ఎవరికీ చెప్పనని బతిమాలి అడిగితే, ఆమె చెవిలో ఒక్క మాట చెప్తే నా పని ఊడేదా? నువ్వు దాచింది నా పని కోసం కాదు. ‘మా ఇంట్ల మాకే అన్నం లేదు’ అని నలుగురిలో అనేశాక, మాట వెనక్కి తీసుకోవడం నీకు చేతకాలేదు. చిన్నప్పటి నుంచి నీకది చేతకాదు. అందుకే పంచాయితీ దాకా ఈడ్చావు.

పెద్దదానివి, అనకూడదు. అనిపించావు.

గురుప్రసాద్


ఇడపనూరు,
6-1-1993

గురుప్రసాద్,

నోరు మూసుకున్నాను. సుఖంగా ఉండు.

నీలమ్మ


శక్తినగర్,
8-2-1993

అక్కకూ బావకూ నమస్కారాలు.

శుభవార్త. ఆర్డరు వచ్చింది. ఏడో పేరు నాదే. కీర్తి కాలనీలో ఇంటింటికీ మైసూరుపాకు పంచింది. కోటయ్యగారు కావలించుకుని, “ఇంక నీకు ఢోకా లేదయ్యా” అన్నాడు. నీకు ముందు రాయాలని పరుగెత్తుకొచ్చి కూర్చున్నాను.

కిందటి ఉత్తరంలో నోరు జారాను. మనసులో పెట్టుకోకు. నెల దాటింది, ఒక్క ముక్క రాయలేదు నువ్వు. బావ ఆరోగ్యం ఎలా ఉంది? కొట్టం ఖాళీగా ఎందుకు, నేనొక మంచి బర్రె పడ్డను చూసి ఉంచాను, ఎండాకాలంలో తోలుకొస్తాను. అప్పుడే ఆ సంగతి కూడా నెమ్మదిగా ఎవరికైనా చెప్దాం. ఇన్నాళ్ళయింది కదా, ఊళ్ళో కూడా మరిచిపోయి ఉంటారు.

నీ తమ్ముడు
గురుప్రసాద్


ఇడపనూరు,
3-3-1993

గురుప్రసాద్,

ఊళ్ళో ఎవరూ మరిచిపోలేదు. అందరికంటే తక్కువ మరిచిపోయింది ఎవరో ఈ ఉత్తరం చివరికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది.

పోయిన బుధవారం జంబన్న కళ్ళంలో జొన్నలు నూర్చి రాశి పోశారు. తెల్లారుజామున ఒక ఎద్దు పలుపు తెంపుకుని రాశి మీద పడింది. మనుషులు చూసేసరికి బాగా పొద్దెక్కింది. మధ్యాహ్నానికి దాని డొక్క బిగిసింది, పళ్ళు కొరకడం మొదలుపెట్టింది. నేను అటు రొట్టెల మూట తీసుకుని మీ బావ దగ్గరికి పోతూ చూశాను. చూడగానే మా బర్రే అనుకున్నాను. అదే నిలబడటం, అవే కళ్ళు.

కాంపౌండరు ఉలిగప్ప ఆ రోజు గిల్లేసూగూరు పోయాడట. జనం గుసగుసలాడుతున్నారు మారెవ్వను పిలుద్దామని, పైకి అనడానికి ఎవరికీ నోరు రాదు. రావద్దని తీర్పు చెప్పిన జంబన్నదే ఎద్దు. చివరికి ఆయనే లేచి ఆమె ఇంటికి నడిచాడు. వెనకే మేం ఇరవై మందిమి.

ఆమె వాకిట్లో కూర్చుని పత్తి కాయల పొట్టు ఒలుస్తోంది. జంబన్న చేతులు జోడించాడు. “మారెవ్వా, తప్పయింది. కట్ట మాట పక్కన పెట్టు. ఎద్దును చూడు తల్లీ.”

ఆమె కదలలేదు. “కట్ట మాట కాదయ్యా. నా చెయ్యి మంచిది కాదు. చూడి బర్రెను సంపిన చెయ్యి. ఇంకో పశువును ముట్ట,” అన్నది.

కోపంతో అన్నదేమో అనుకున్నాను. ముఖం చూశాను. కోపం కాదు. నమ్మి అంటోంది. తన చెయ్యే చంపిందని ఆ ముసలమ్మ మూడు నెలలుగా నమ్ముతోంది.

తమ్ముడూ, అప్పుడు నాకు వచ్చిన కోపం ఎవరి మీద రావాలో వాళ్ళ మీదే వచ్చింది. రొట్టెల మూట కింద పడేశాను. గొంతు చించుకుని అరిచాను.

“బర్రెను మారెవ్వ సంపలే! నేను సంపిన! గోనెసంచెడు అన్నం పెట్టి పెట్టలేదన్న. మూడుసార్లు అడిగింది, మూడుసార్లు అబద్ధమాడిన. అన్నం తెచ్చింది నా తమ్ముడు గురుప్రసాదు, క్యాంటీన్ల మిగిలిన అన్నం. తెచ్చినోనికంటే అడిగినప్పుడు చెప్పని నాదే పాపం!”

మీ బావ అప్పుడే చేను నుంచి వచ్చి జనం వెనక నిలబడి ఉన్నాడట, అంతా విన్నాడు. ఆ రోజు నుంచి ఆయన నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడటం లేదు. జంబన్న నా వైపు తిరిగి, “ఈ ముక్క ఆ దినం చెప్తే ఏం పోతుండె అమ్మా నీది?” అన్నాడు.

మారెవ్వ మాత్రం నా వైపు చూడలేదు. ఒళ్ళో పత్తి దులుపుకుని లేచింది. “అంగట్ల తినేసోడా ఎంతుంటే అంత తెండి. ఎద్దుకు నీళ్ళు పెట్టొద్దు, నడిపిస్తుండండి,” అన్నది. వైద్యం చేసే ఆ గొంతు మూడు నెలల తర్వాత విన్నాను. సాయంత్రం దాకా ఎద్దు పక్కనే ఉండి గొట్టంతో సోడా నీళ్ళు పోసింది, డొక్క మర్దన చేసింది. మూడో రోజు అది నెమరు వేసింది. ఇప్పుడు ఊళ్ళో మళ్ళీ ఆమెను అందరూ పిలుస్తున్నారు. జంబన్న కట్ట మీద నలుగురి ముందు తన తీర్పు తప్పని చెప్పుకున్నాడు, ఆయనకు ఆ పాటి మనసుంది.

ఎద్దు లేచిన మర్నాడు నేను ఆమె ఇంటికి పోయాను. గడప బయటే నిలబడ్డాను. రమ్మనలేదు. గడపలోనే నిలబడి అన్నది.

“నా ముక్కు అన్నమన్నది నీలవ్వా. నీ నోరు చొప్పన్నది. నలభై ఏండ్లు పశువుల కాడ పండిన ముక్కును ఇడిచి నీ నోరు నమ్మిన. ఎందుకు నమ్మిననో ఎరికేనా? బర్రె నీది. సొంత బర్రె చస్తుంటే ఎవరన్న అబద్ధమాడ్తరా అని నమ్మిన. కట్ట మీద నిలబెట్టినవ్, ఆ సిగ్గు నేను మింగిన. పొద్దున లేస్తే నా చెయ్యిని నేనే చూసుకుంటుండె, ఇదేనా సంపింది అని. అది మింగలేకపోయిన.”

తప్పయిందన్నాను. కాళ్ళ మీద పడబోయాను.

“పడకు,” అన్నది గట్టిగా. “పడితే నేను లేపాలె. లేపేంత మనసు నాకు లేదిప్పుడు. ఊళ్ళె ఎవరి కొట్టంలకన్న పోత. నీ కొట్టంలకు రాను. పశువును తెచ్చుకుంటే తెచ్చుకో, నన్ను పిలువకు.” అని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

నువ్వు పడ్డను తోలుకొస్తానన్నావు. తేవొద్దు. రోగమొస్తే చూసే చెయ్యి లేని ఇంట్లో పశువును కట్టడం కూడా దాన్ని చంపడమే.

నీ ఆర్డరు సంగతికి సంతోషమని రాయడానికి నాలుగుసార్లు కూర్చున్నాను. చెయ్యి సాగలేదు. నీ పేరు ఇరవై మంది ముందు చెప్పాను, బూడిద లారీలవాళ్ళు ఈపాటికి మీ కాలనీలో చెప్పే ఉంటారు. పర్మనెంటు మనిషిని అన్నం ఎత్తుకెళ్ళాడని ఏం చేస్తారో నాకు తెలియదు. ఏం చేసినా పడు. నువ్వు డిసెంబరు ఉత్తరంలో నన్ను అన్న మాట కూడా నిజమే. అంటే మాట వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదన్నది. తీసుకోవడానికి ఒక ఎద్దు పడాల్సి వచ్చింది.

ఆదివారం రా. మా ఇంటికి కాదు. వెనక వీధిలో చివరి ఇల్లు. ఆమె తలుపు తీయకపోవచ్చు, తీసేదాకా కూర్చో. నేను ఊళ్ళో అన్నీ చెప్పాను గానీ ఒక్కటి చెప్పలేదు. మంగళవారం మధ్యాహ్నానికే నీకు తెలుసన్న సంగతి ఆమెకు ఇంకా తెలియదు. అది నేను చెప్పను. నువ్వే చెప్పాలి.

నీలమ్మ